నాయన చెప్పలేని మాట

మా నాయన ఉపదేశి. కోవెలకుంట్ల నుంచి జమ్మలమడుగుకు పోయే దోవలో, కుందూ ఏటికి ఇవతల, నల్లరేగడి చేల మధ్య ఉండే ఒక పల్లెలో మా గేరిలో, అంటే మా వాడలో, ఉండే క్రైస్తవులకు ఆదివారం ప్రార్థన జరిపించేవాడు. మిగతా దినాల్లో అదే ప్రార్థన ఇంట్లో మా గేరి పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు. నాపరాళ్ళు కప్పిన చిన్న మిద్దె, రెండు కిటికీలు, ఒక మేజా, గంటకు బదులు వేపచెట్టుకు వేలాడగట్టిన ఇనుప పట్టా ముక్క. అదే మాకు గుడి, అదే మాకు బడి. బాప్తిస్మాలు ఇవ్వడం, పెండ్లిండ్లు చేయడం, రొట్టె ద్రాక్షారసం పంచడం మాత్రం గురువుగారి పని. ఆయన టౌనులో ఉండేవారు. ఆయన కింద చాలా పల్లెలు ఉండేవి కాబట్టి నెలకోసారి ఒంటెద్దు బండిలో మా ఊరికి వచ్చి పోయేవారు.

నాయన ప్రసంగం చేసే తీరు వేరుగా ఉండేది. వాక్యం చదివి దాని అర్థం చెప్పినంతసేపూ మేజా వెనక నిలబడేవాడు. తనకు తోచింది చెప్పాలనుకుంటే మేజా వదిలి పక్కకు వచ్చేవాడు. "ఇది నా తలంపు. సరిపోతే తీసుకోండి, లేకుంటే ఇడ్సిపెట్టండి" అనేవాడు. వినేవాళ్ళలో సగం మందికి చదువు రాదు. అయినా ఆయన నిలబడిన చోటును బట్టి ఏది దేవుని మాటో, ఏది ఉపదేశి మాటో అందరికీ తెలిసేది. కుర్రవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఒక పెద్దాయన అయితే, నీ తలంపే బాగుంటుందప్పా, మేజా వెనకకు పోవద్దు, అని ఎగతాళి చేసేవాడు. నాయన నవ్వి ఊరుకునేవాడు గానీ అలవాటు మానలేదు.

ఆ అలవాటు ఎందుకు వచ్చిందో మా అవ్వ చెప్పింది. నాయన చిన్నపిల్లవాడుగా ఉన్నప్పుడు ఎక్కడి నుంచో ఒక బోధకుడు వచ్చాడట. ఆ యేటి పంట ఇండ్లు చేరకముందే ప్రభువు వచ్చేస్తాడని చెప్పాడట. ఊరికే చెప్పలేదు, గ్రంథం తెరిచి వేలు పెట్టి మరీ చూపించాడు. మా తాతకు చదువు రాదు. వేలు పెట్టి చూపించిన తర్వాత ఇంక అనుమానం దేనికని చేను విత్తలేదు, ఎద్దులను అమ్మేశాడు. ప్రభువు రాలేదు. మరుసటి యేడు ఇంటిల్లిపాదీ వలసపోయి రైలు కట్ట పనిలో కంకర కొట్టి బతికారు. నాయన చెల్లెలు ఒకామె ఆ కంకర కుప్పల దగ్గరే జ్వరంతో చనిపోయింది. బోధకుడు పొరపాటు పడ్డాడని నాయనకు కోపం లేదు. మనిషన్నాక పొరపాటు పడతాడు. అది తన ఊహ అని చెప్పకుండా దేవుని మాట అని చెప్పాడే, దాన్ని మాత్రం నాయన ఏనాడూ క్షమించలేదు.

నేను చెప్పబోయేది యాభైల మొదట్లో కరువు వచ్చినప్పటి సంగతి. అంతకు కొన్నేండ్ల ముందు జరిగిన ఒకటి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా గేరిలో చివరింట్లో కూలికి పోయే ఒకామె ఉండేది. అందరూ ఆమెను చివరింటామె అనేవాళ్ళు. ఆమె కొడుకు ఇంకా బాప్తిస్మం కాకుండానే చనిపోయాడు. మా సమాధుల దొడ్డికి గోడ లేదు, తుమ్మకంప కంచె ఉండేది. బాప్తిస్మం పొందినవాళ్ళనే కంచె లోపల పెట్టాలన్నది సంఘం కట్టుబాటు. నాయన ఆమెను కసురుకోలేదు. ఇదీ కట్టుబాటు అని మెల్లగా చెప్పాడు. బిడ్డను కంచె బయట, రేగుపొద పక్కన పూడ్చిపెట్టారు. ఆ తర్వాత ఆమె ప్రార్థనకు రావడం తగ్గించింది. వచ్చినా వాకిలి దగ్గరే కూర్చుని, చివరి పాట అయిపోకముందే లేచిపోయేది.

కరువులో మా ఊరు ఊరులా లేదు. జొన్న చేలు మోకాలెత్తు కూడా రాకుండా మాడిపోయాయి. రేగడి నేల చెయ్యి పట్టేంత వెడల్పున నెర్రెలిచ్చింది. చావడి దగ్గర గంజి పోసేవాళ్ళు. పొద్దున్నే చట్టి తీసుకుని నిలబడితే మా వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కేది. మేత లేక గురువుగారు కూడా బండి ఎద్దును సంతకు తోలి అమ్మేశారు. బస్సు రాని మా పల్లెకు ఆయన రావడం నెలకోసారి నుంచి ఎప్పుడో ఒకసారికి వచ్చింది.

ఆ గడ్డు రోజుల్లోనే మా అక్క తొలి కాన్పుకు ఇంటికి వచ్చింది. అక్కను ఎర్రగుంట్ల దగ్గర ఇచ్చారు. బావ అక్కడ నాపరాయి గనిలో పనిచేసేవాడు. అక్కకు ఆడపిల్ల పుట్టింది. నేను ఎనిమిదో తరగతి ముగించి, టీచరు ట్రైనింగులో సీటు కోసం కాచుకుని ఇంట్లోనే ఉన్నాను కాబట్టి పాపకు నీళ్ళు పోయడం, ఊయల ఊపడం నా పని. నాయన తన వంతు గంజిలో చిక్కటిదంతా అక్క గిన్నెలోకి వంచి తాను తేట తాగేవాడు. బడి వదలగానే వచ్చి పాపను ఒళ్ళో పెట్టుకుని, ఆదివారం చెప్పబోయే వాక్యం దానికి చదివి వినిపించేవాడు. పాప ఆయన మీసం పట్టుకుని లాగేది. నాయన అంతగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు.

గురువుగారు వచ్చినప్పుడు పాపకు బాప్తిస్మం ఇప్పించాలనుకున్నారు. ఆ నెల ఆయనకు జ్వరం తగిలి రాలేదు. పై నెల వస్తానని కబురు పంపించి, ఆ నెల కూడా రాలేకపోయారు. అక్క తెల్లటి పాత చీరను చింపి పాపకు చొక్కా కుట్టి పెట్టెలో దాచుకుంది.

ఎండలు ముదిరాక బావులు అడుగంటాయి. ఆ నీళ్ళతో ఊరంతా వాంతులు, భేదులు. పాపకు కూడా పట్టుకుంది. ఒక పూటలోనే కండ్లు లోపలికి పోయాయి. ఏడుపు కూడా గొంతులో నుంచి రావడం లేదు. అమ్మ వాము నీళ్ళు కాచి చుక్కచుక్కగా పోస్తోంది. పొద్దున బడికి పోకుండా గడపలో కూర్చున్న నాయన దగ్గరికి అక్క చెంబుతో నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

"నాయనా, గురువుగారు వచ్చేదాకా ఇది ఉండదేమో. నువ్వే నీళ్ళు పోసి బాప్తిస్మం ఇయ్యి."

"నాకా అధికారం లేదమ్మా. కబురు పంపిస్తా. రేపటికి వచ్చేస్తారు" అన్నాడు నాయన.

ఆయన నిజంగానే పాప బతుకుతుందనుకున్నాడు. అక్క మాట వినగానే రెడ్ల ఇంటికి పరిగెత్తి, సైకిలు అడిగి తీసుకుని, మా గేరి కుర్రవాణ్ణి టౌనుకు పంపించాడు. గురువుగారు ఇంట్లో లేరు. వేరే పల్లెలో ఎవరినో సమాధి చేయడానికి పోయారు. సైకిలు తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది, పాప చనిపోయి ఉంది. చెంబు పొద్దున పెట్టిన చోటనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

మరుసటి రోజు పొద్దున సంఘం పెద్దలు వచ్చారు. ఉపదేశి మనవరాలు, అందులోనూ గురువుగారు రాకపోవడం వల్ల ఆగిందే గానీ మీ తప్పు కాదు, కంచె లోపల పెడదామన్నారు. ఎవరికీ అభ్యంతరం లేదన్నారు. నాయన తల అడ్డంగా ఊపాడు. ఇంకొకరి బిడ్డకు చెప్పిన కట్టుబాటు నా బిడ్డకు లేదంటే ఎట్లని అడిగాడు. లోపల అక్క వింటోంది. పాపకు తెల్ల చొక్కా తొడుగుతోంది. చేతులు ఒక్కసారి ఆగి, మళ్ళీ ముడి వేయడం మొదలుపెట్టాయి.

మేము దొడ్డి దగ్గరికి పోయేసరికి చివరింటామె అక్కడే ఉంది. చేతిలో పార ఉంది. ఓదార్చడానికి వచ్చినట్టు లేదు. ఉపదేశి ఏం చేస్తాడో చూద్దామని వచ్చినట్టుంది. నాయన కంచె వాకిట్లోకి తిరగకుండా ముందుకు నడిచి, బయటే ఆగేసరికి ఆమె మొహం మారింది. రేగుపొద దగ్గరికి పోయి కాలితో మన్ను తాకి చూపించింది.

"మావోడు ఈడుండాడు. పక్కన పెట్టండి, తోడుంటాది" అంది.

గుంత ఆమే సగం తవ్వింది. నాయన ప్రార్థన చేశాడు. పాపను నీ చేతుల్లో పెడుతున్నామని అన్నాడు గానీ, నీ దగ్గరికి చేర్చుకున్నావని అనలేదు. ఆ తేడా అప్పుడు నాకు తట్టలేదు. అక్కకు తట్టింది.

బావ వచ్చి నాలుగు రోజులుండి గనికి పోయాడు. అక్క మా దగ్గరే ఆగింది. తినేది కాదు. రొమ్ములకు పాలు కట్టి జ్వరం వచ్చింది. ఒకరోజు మధ్యాహ్నం నాయన బడి నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే వెనక నిలబడి అడిగింది.

"నాయనా, పాప యాడుండాది?"

నాయన చెంబు కింద పెట్టాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు తెలీదమ్మా" అన్నాడు. "నా తలంపు అడిగితే, ఆయన దగ్గరే ఉండాది. నాకట్లే అనిపిస్తాండాది" అన్నాడు.

"అనిపించేది నాకూ ఉండాది నాయనా. నీ దగ్గర అడుక్కోవాల్సిన పన్లేదు. నువ్వు ఉపదేశివి. ఉన్నది చెప్పు."

"రాసి ఉంటే చెప్తా. రాసిలేదు."

అక్క లోపలికి పోయి పడుకుంది. నాయన అన్నానికి లేవలేదు.

తర్వాతి వారం గురువుగారు కాలినడకన వచ్చారు. చిక్కిపోయి ఉన్నారు. అక్కను దగ్గర కూర్చోబెట్టుకుని, తల మీద చెయ్యి వేసి, నీ బిడ్డ ప్రభువు ఒడిలో ఉందమ్మా, ఇందులో సందేహం లేదు, అన్నారు. అక్క ఆయన కాళ్ళ దగ్గర బోరున ఏడ్చింది. పాప పోయాక అక్క ఏడవడం అదే మొదలు. ఆ సాయంత్రం జొన్న సంగటి ముద్ద తిన్నది.

గురువుగారిని నాయన వాకిట్లోకి తీసుకుపోయి, ఆ మాట ఎక్కడుందో చూపించమని అడిగాడు. వాదానికి అడగలేదు, ఆశతో అడిగాడు. గురువుగారు ఆధారం లేకుండా చెప్పలేదు. బిడ్డ చనిపోయిన ఒక రాజు, వాడు నా దగ్గరికి రాడు, నేనే వాడి దగ్గరికి పోతాను అన్న చోటు తీసి చూపించారు. నాయన తల ఊపాడు. ఆ చోటు తాను ఈ పది రోజుల్లో ఎన్నోసార్లు చదివానన్నాడు. ఆ రాజు పరలోకానికి పోతానన్నాడో, సమాధికి పోతానన్నాడో తేల్చుకోలేకపోతున్నానన్నాడు.

"ఏమయ్యా, తాతగా అడుగుతున్నావా, ఉపదేశిగా అడుగుతున్నావా?" అన్నారు గురువుగారు.

"అదే అయ్యగారూ నా భయం. తాతను గదా, నాకు కావాల్సినట్టే కనపడతాండాది."

గురువుగారు గ్రంథం మూసి, దేవుడు మనకంటే మంచివాడు అన్న నమ్మకం చాలదా అని అడిగారు. నాకు చాలుతుంది, దాన్ని సత్యం అని చెప్పి ఇంకొకరి చేతిలో పెట్టడానికే చాలదు, అన్నాడు నాయన. నేను నీళ్ళ కుండ దగ్గర నిలబడి విన్నాను. ఇద్దరిలో ఎవరూ కోపంగా లేరు. గురువుగారు వెళ్ళేటప్పుడు నాయన భుజం తట్టి పోయారు.

ఆ తర్వాత రెండు మూడు నెలలు అక్క కోలుకుంటూ వచ్చింది. తల దువ్వుకునేది. ప్రార్థనకు వచ్చి ముందు వరుసలో కూర్చునేది. సాయంత్రాలు చివరింటామెతో కలిసి రేగుపొద దాకా పోయి వచ్చేది. నీ కొడుకు కూడా ప్రభువు ఒడిలో ఉన్నాడని ఆమెకు చెప్పింది. ఆమె అవునని గానీ కాదని గానీ అనలేదట. ఒక జల్లు పడింది. బావ వచ్చి తీసుకుపోతానని కబురు పంపాడు.

పోయే ముందు రోజు అందరం తింటున్నాం. అక్క నాయన వైపు చూసి, చాలా మామూలుగా, అడగాల్సిన పని లేని మాట అడిగినట్టు అడిగింది. "గురువుగారు చెప్పింది నిజమే గదా నాయనా?"

నాయన ముద్ద చేతిలో పట్టుకుని ఉండిపోయాడు. అమ్మ కండ్లతోనే బతిమాలింది. ఒక్క 'ఊ' అంటే చాలు.

"గురువుగారు శానా మంచి మనిషి" అన్నాడు నాయన.

"మంచి మనిషేలే. అది వాక్యమా?"

"కాదమ్మా. ఆయన తలంపు."

అక్క చెయ్యి కడుక్కుంది. గిన్నెలో సంగటి అట్లే ఉంది. మరుసటి రోజు బావతో బయలుదేరేటప్పుడు అమ్మతో, నాతో చాలాసేపు మాట్లాడింది. నాయనతో మాత్రం పోయొస్తానన్న ఒక్క మాటే అంది.

వాళ్ళు కనుమరుగయ్యాక అమ్మ నాయన ముందుకు వచ్చి నిలబడింది. ఆయనకు ఎదురు మాట్లాడని మనిషి. ఆ రోజు మాట్లాడింది. "ఏమయ్యా, నీ సత్యం అంత గట్టిదైతే, నువ్వు ఒక్క మాట ఎక్కువ చెప్పినంత మాత్రాన పడిపోతాదా? దానికి నువ్వు కావలి ఉండల్లా?"

నాయన తుండు భుజాన వేసుకుని బడికి పోయాడు. చాలా రోజులు అమ్మ ఆయనకు అన్నం పెట్టి పక్కకు పోయేది. ఇంట్లో మాటలు తగ్గిపోయాయి.

ఆ తర్వాత నాయన ప్రసంగంలో మేజా పక్కకు రావడం మానేశాడు. వాక్యం చదివి, ఉన్నంతవరకు అర్థం చెప్పి, కూర్చునేవాడు. జనానికి అది చాలలేదు. తమ కష్టానికి ఏదో ఒక మాట కావాలని వచ్చేవాళ్ళు, దొరక్క పోయేవాళ్ళు. పక్క ఊరికి వచ్చే ఒక బోధకుడు గట్టిగా, ధీమాగా చెప్తాడని కొందరు అక్కడికి పోవడం మొదలుపెట్టారు. రెండేండ్లకు పెద్దలు గురువుగారితో మాట్లాడి కుర్ర ఉపదేశిని వేయించుకున్నారు. నాయనకు బడి మాత్రం మిగిలింది. చూపు మందగించాక అదీ పోయింది. వింత ఏమిటంటే, ఆయన్ను వదలకుండా వచ్చి కూర్చున్నది చివరింటామె ఒక్కతే. ఎందుకని అమ్మ అడిగితే, ఆయప్ప తన బిడ్డకు ఒకటి, మా బిడ్డకు ఒకటి చెప్పలేదు గదా, అందట.

అక్కకు మళ్ళీ పిల్లలు పుట్టారు. ప్రతి బిడ్డకూ పురుడు తీరకముందే, వానైనా ఎండైనా, అక్కడి సంఘంలో బాప్తిస్మం ఇప్పించింది. ఏడాదికోసారి మా ఇంటికి వచ్చేది. నాయనను తిన్నావా, కండ్లు ఎట్లున్నాయి, అని అడిగేది. అంతకుమించి ఒక్క ప్రశ్న అడగలేదు. నాయన ఆమె అడుగుతుందేమోనని ఎదురు చూసేవాడు. ఆమె వచ్చిన రోజుల్లో మంచం వాకిట్లోకి వేయించుకుని, ఆమె పని చేసుకునే వైపే మొహం పెట్టి కూర్చునేవాడు. మసక చూపుతో ఏం కనపడేదో.

నాకు కడపలో టీచరు పని వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయి నాయనకు గ్రంథం చదివి వినిపించేదాన్ని. చివరి ఎండాకాలం ఒకరోజు చదవడం ఆపి అడిగేశాను. ఆ రోజు అక్కకు అవునని చెప్పి ఉండాల్సిందని ఎప్పుడైనా అనిపించిందా అని.

"దినామూ అనిపిస్తాది" అన్నాడు. "తెలీనిది తెలుసని చెప్పడం అబద్ధం. అది నాకు తెలుసు. కానీ ఆ పొద్దు దాని మొగం..." అని ఆగిపోయాడు. నన్ను చదవమని చెయ్యి ఊపాడు. నేను ఆపిన చోటు తప్పి వేరే చోటు చదివాను. ఆయన సరిదిద్దలేదు.

ఆ యేడు చలికాలంలో పోయాడు. అప్పటికి యాభైలు ఇంకా ముగియలేదు. అక్క పిల్లలతో వచ్చింది. సమాధి పనులన్నీ దగ్గరుండి చేయించింది. మూడు రోజులు అందరికీ వండి పెట్టింది. అమ్మను తనతో పంపించమని అడిగితే అమ్మ రానంది. నాలుగో రోజు నేను అక్కను బస్సు ఎక్కించడానికి రోడ్డు దాకా పోయాను. బస్సు ఆలస్యమైంది. పిల్లలు కంకర రాళ్ళతో ఆడుకుంటున్నారు. అక్క మూట మీద కూర్చుని, నన్ను చూడకుండా చెప్పింది.

"నాయన చెప్పుంటే నేను నమ్మేదాన్ని చెల్లీ. గురువుగారు చెప్తే సగమే నమ్మినా. నాయన చెప్తే మొత్తం నమ్మేదాన్ని. ఆయన లేనిది చెప్పడని నాకు తెలుసు గదా. అందుకే చెప్పలేకపోయినాడేమో."

నేను తల ఊపాను. అక్కకు అర్థమైంది గదా అనుకుని నా మనసు కొంచెం తేలికపడింది.

"అయినా చెప్పుండాల్సింది" అంది అక్క.

బస్సు వచ్చింది. చిన్నవాణ్ణి చంకన వేసుకుని, పెద్దదాన్ని ముందు ఎక్కించి, కిటికీ పక్కన కూర్చుంది. నేను మూట అందించాను. దుమ్ము రేగి ఆమె మొహం సరిగా కనపడలేదు.